నలభై ఒకటో నంబరు చూలు

నేను కబేళా గేటు దగ్గర బండి దిగేసరికి తొమ్మిదీ ఇరవై అయిదు. గేటు గుమాస్తా నన్ను చూడగానే తల దించుకున్నాడు. అప్పుడే నాకు సగం అర్థమైంది.

"కోసేశారా?"

"ఇప్పుడే మేడమ్. ఒక పావుగంట."

"లారీ ఎన్నింటికొచ్చింది?"

"ఎనిమిదింటికి. రాగానే మీకు ఫోన్ చేశాను కదా."

బల్ల మీదున్న రాకపోకల పుస్తకం నావైపు తిప్పుకున్నాను. లారీ లోపలికి వచ్చింది ఆరూ పదికి. అతని ఫోన్ నాకొచ్చింది ఎనిమిదీ పదికి.

"రెండు గంటలు ఏం చేశావు?"

"మర్చిపోయానమ్మా." మేడమ్ పోయి అమ్మ వచ్చింది. "చెవులు కోసి పడేసే బకెట్లో పసుపు బిళ్ళ కనబడింది. నలభై ఒకటి అని చూశాక గుర్తొచ్చింది."

"అంటే నాకు ఫోన్ చేసేసరికే అది చచ్చిపోయింది. ఆ సంగతి చెప్పకుండా 'వచ్చేసింది, రండి' అన్నావు."

పదకొండు రోజుల కిందట ఇదే బల్ల దగ్గర కూర్చుని, ఫలానా ఫారం నుంచి నలభై ఒకటో నంబరు ఆవు వస్తే ఎవరూ ముట్టుకోకముందే నాకు ఫోన్ చెయ్యమని బతిమాలాను. అతను గోడ మీది కాలెండరులో రాసుకున్నాడు కూడా. కాలెండరు అక్కడే ఉంది. దాని మీద నంబరూ ఉంది.

ఆ ఆవు కోసం నేనెందుకు అంత పట్టుబట్టానో చెప్పాలి.

అరవై రెండు రోజుల కిందట ఒక పశువుల డాక్టరు ఆ ఫారానికి వెళ్ళి తిరిగి రాలేదు. పొద్దున పదకొండింటికి ఆమెను గేటు దగ్గర దింపింది అద్దె వ్యాను డ్రైవరు. సాయంత్రం అయిదున్నరకు మళ్ళీ వెళితే, డాక్టరమ్మ వేరే బండిలో వెళ్ళిపోయిందని గేటు దగ్గర్నుంచే పంపేశారని అతని మాట. లేదు, ఆ వ్యానులోనే ఎక్కి వెళ్ళిందని ఫారం మేనేజరు మాట. మేనేజరు దగ్గర ఒక కాయితం ముక్క ఉంది, డ్రైవరు దగ్గర లేదు. ఆ ఫారంలో ప్రతి ఆవు గాటి దగ్గరా ఒక అట్ట వేలాడుతుంది. ఎప్పుడు ఎదకొచ్చింది, చూలు కట్టడానికి సూది ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఈనింది, అన్నీ దాని మీదే రాస్తారు. నలభై ఒకటో నంబరు అట్ట మీద ఆ రోజు తేదీ వేసి, సాయంత్రం అయిదూ ఇరవైకి సూది వేసినట్టు డాక్టరు రాసింది. రాత ఆమెదేనని నిపుణుడు తేల్చాడు. కాబట్టి అయిదూ ఇరవైదాకా ఆమె క్షేమంగా పని చేసుకుంటూ ఉంది, ఆ తర్వాత ఏం జరిగినా వ్యానులోనే జరిగింది. పోలీసుల లెక్క అది.

డ్రైవరు నాలుగు రోజులు కాదన్నాడు. అయిదో రోజు అవునన్నాడు. శవాన్ని కాలవలో తోసేశానన్నాడు. కాలవ ఎంత గాలించినా శవం దొరకలేదు. పట్టుబడిన నలభయ్యో రోజున అతను జైల్లో ఉరి వేసుకున్నాడు. ఫైలు మూసేశారు.

డిటెక్టివుగా నన్ను పెట్టుకున్నది అతని అక్క. "తమ్ముడు ఎలాగూ రాడు. వాడి పేరైనా కడిగి నా చేతిలో పెట్టమ్మా" అంది. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట అంది. "మనుషులందర్నీ అడిగారు. ఆ డాక్టరమ్మ ఆఖరున చెయ్యిపెట్టిన ఆవుని ఎవరూ చూడలేదు."

నేను చూడబోతే మేనేజరు లోపలికి రానివ్వలేదు. అది గొడ్డుపోయింది, ఏరేసిన వాటిలో ఉంది, నేడో రేపో కబేళాకి పోతుందన్నాడు. అందుకే ఇక్కడికొచ్చి ఈ గుమాస్తాను నమ్ముకున్నాను.

"మిగతావి ఎక్కడున్నాయి?" అన్నాను.

"ఏం మిగతావి?"

"తోలూ మాంసం నాకెందుకు. గర్భసంచి ఎక్కడ?"

అతను వేలితో లోపలికి చూపించాడు. రెండో చేత్తో చొక్కా జేబు అదుముకున్నాడు. ఆవును కోసినందుకు కబేళా గుమాస్తా భయపడడు. అతను భయపడేది ఇంకేదో ఉంది. అది తర్వాత తేల్చుకోవచ్చనుకుని లోపలికి నడిచాను.

పేగుల గదిలో ముప్ఫై ఏళ్ళుగా పని చేస్తున్న మనిషిని అందరూ పేగులమ్మ అనే పిలుస్తారు. గచ్చు నేల, నీళ్ళ గొట్టం, అంచులు వంగిన ఇనప బల్ల. రబ్బరు బూట్లలో నిలబడి పేగులు తిరగేసి కడుగుతోంది.

"నలభై ఒకటా? అదిగో." గడ్డంతో మూలనున్న తొట్టి చూపించింది. "పారెయ్యలేదు. దూడతో ఉన్న సంచిని మాంసం డాక్టరు చూసేదాకా నేను పారెయ్యను. ఆయన పదకొండింటికి గానీ రాడు."

"దూడతో ఉందా?"

"లేకపోతే అంత బరువుంటుందా? గొడ్డావు సంచి పిడికెడుంటుంది."

రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టింది. నెమ్మదిగా కోసింది. ఉమ్మనీరు అంచుల మీదుగా కారి గచ్చు మీద పడింది. లోపల దూడ ముడుచుకుని ఉంది. వెంట్రుకలు లేని గులాబీరంగు ఒళ్ళు, మైనంతో చేసినట్టున్న గిట్టలు, మూసిన కళ్ళు.

"ఎన్నాళ్ళది?" అన్నాను.

"నీకెన్నాళ్ళది కావాలి?"

"అరవై రెండు రోజులది."

పేగులమ్మ నవ్వింది. "రెండు నెలలకి చుంచెలుకంత ఉంటుంది అమ్మాయ్. మూడు నెలలకి పెద్ద ఎలుకంత. నాలుక్కి పిల్లికూనంత. ఇది బాగా మేసిన పిల్లంత ఉంది. మూతి మీద చూడు, నూగు. అయిదో నెల వస్తే గానీ అది రాదు."

టేపు తీసి నెత్తి నుంచి తోక మొదలు దాకా కొలిచాను. జానెడున్నర. పుస్తకంలో చూసుకుని వచ్చిన కొలత కూడా అదే చెబుతోంది. అయిదు నెలలు. అంటే డాక్టరు మాయమైన రోజుకే ఈ ఆవు మూడు నెలల చూడిది.

"చూలుతో ఉన్నదానికి మళ్ళీ సూది వేస్తే ఏమవుతుంది?"

"ఈసుకుపోతుంది, కడుపు పోతుంది. ఇంకేమవుతుంది." సంచి మెడ దగ్గర కోసి చూపించింది. చిక్కటి జిగురు, తేనెరంగులో, గట్టిపడి ఉంది. "చూలు నిలవగానే సంచి మూతికి ఇలా బిరడా పడుతుంది. సూది లోపలికి పోవాలంటే దీన్ని పొడుచుకునే పోవాలి. ఇది ఎక్కడా చెదర్లేదు. దీనికి ఎవరూ ఏ సూదీ వెయ్యలేదు."

"ఫారం వాళ్ళకి ఇది చూలుతో ఉన్నట్టే తెలీదట."

"నాలుగు సార్లు సూది వేసి నిలవకపోతే గొడ్డుకింద జమకట్టేసి ఉంటారు. గొడ్డుదాన్ని ఎవడు కాపలా కాస్తాడు? ఏ కోడెదూడో తాడు తెంపుకుని ఉంటుంది. చెయ్యిపెట్టి చూసినవాళ్ళకి తప్ప తెలీదు."

చెయ్యిపెట్టి చూసే మనిషి ఆ రోజు ఒక్కతే ఉంది. పొద్దున పదకొండు నుంచి ఆమె అక్కడున్న ఆవులన్నిటినీ చూసింది. నేను డాక్టరు ఫొటో తీసి చూపించాను.

పేగులమ్మ చేతులు కడుక్కుని ఫొటో దగ్గరగా పెట్టుకుంది. "ఈ అమ్మాయా? ఏడాదికి రెండుసార్లు చదువుకునే పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చేది. ఈ బల్ల మీదే సంచులు పెట్టించి, కళ్ళు మూసుకుని తడిమి నెలలు చెప్పమనేది. తప్పు చెప్పినవాణ్ణి మళ్ళీ తడమమనేది. నా కోసం దూడ సంచులు దాచిపెట్టు పెద్దమ్మా అని తనే అలవాటు చేసింది. ఈ ఏడు రాలేదు, ఏమైంది?"

నేను ఫొటో వెనక్కి తీసుకున్నాను. నాకు అప్పటికే ఒక విషయం తేలిపోయింది. అట్ట మీద రాత ఆమెదే, కానీ రాసిన పని జరగలేదు. ఆ సాయంత్రం ఎవరో ఆమె పక్కన నిలబడి, ఏదో ఒక ఆవు అట్ట మీద సూది వేసినట్టు రాయమన్నారు. ఆమె ఏదో ఒకటి తీసుకోలేదు. చూలుతో ఉందని తనకొక్కదానికే తెలిసిన ఆవును ఏరుకుంది. అబద్ధం రాయమంటే, ఎవరైనా చూస్తే పట్టుబడే అబద్ధం రాసింది. అరవై రెండు రోజులు ఎవరూ చూడలేదు.

"ముప్ఫై ఏళ్ళలో ఇలాంటివి వెయ్యి చూసుంటాను" అంది పేగులమ్మ, దూడ మీద తడిగుడ్డ కప్పుతూ. "ఒక్కటీ కళ్ళు తెరవలేదు."

గేటు గదికి తిరిగి వచ్చేసరికి పది దాటింది. గుమాస్తా ఫోన్ పెట్టేస్తున్నాడు.

"ఎవరికి?"

"ఇంటికి మేడమ్."

"సరే. చూడి ఆవుని కొయ్యకూడదు కదా?"

"కొయ్యకూడదు."

"మరి చూలు లేదని డాక్టరు రాసిచ్చిన కాయితం చూసే గేటు తీసుంటావు. చూపించు."

"తర్వాత పంపుతామన్నారు మేడమ్. తెలిసిన ఫారమే కదా అని…"

"కాయితం లేకుండా అయిదు నెలల చూడి ఆవుని లోపలికి వదిలావు. మాంసం డాక్టరు పదకొండింటికొస్తాడు. ఆయనకి అదే చెప్పనా?"

అతను గోడ గడియారం చూశాడు. "కాయితం ఉంది."

"ఇందాక లేదన్నావు."

"కాయితం ఉందంటే నేను చదివి ఊరుకున్నాననుకుంటారు. లేదంటే కాయితమే లేకుండా వదిలేశాననుకుంటారు. ఎటు తిరిగినా నా మెడకే కదమ్మా."

"చదివావా?"

"ముద్ర చూశాను. ముద్ర ఉంటే చాలు మాకు."

చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీశాడు. ఇంకో అరగంట ఆగితే పొయ్యిలో వేసేవాడు. బల్ల మీద పరిచాను. పసుపు బిళ్ళ నంబరు నలభై ఒకటి, వయసు ఆరేళ్ళు, చెయ్యిపెట్టి పరీక్షించడమైనది, చూలు లేదు, గొడ్డుపోయినది, ఏరివేతకు తగినది. కింద ఒక రిటైరైన పశువుల డాక్టరు ముద్ర. తేదీ మూడు రోజుల కిందటిది.

ఆ రిటైరైన డాక్టరు నాకు తెలుసు. ఇదివరకు ఆ ఫారం ఆవుల్ని చూసేవాడని కేసు మొదట్లో వెళ్ళి కలిశాను. పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. కుడిచెయ్యి లేవదు. మంచినీళ్ళ గ్లాసు కోడలు పట్టుకుంటే తాగుతాడు.

సంచిలోంచి అట్ట నకలు తీసి కాయితం పక్కన పెట్టాను. రెండు వారాలకు పైగా ఆ నకలు నా బల్ల మీదే ఉంది. నాలుగు అంకె పైన మూతపడకుండా కుర్చీ తలకిందులు చేసినట్టుంటుంది. ఒకటి కింద చిన్న పీట. 'చూలు'లో 'చూ' దీర్ఘం చివర లోపలికి మెలిక. కాయితంలోనూ అదే నాలుగు, అదే పీట, అదే మెలిక.

నేను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

మూడు రోజుల కిందట ఆమె బతికే ఉంది. డ్రైవరు తప్పు ఒప్పుకున్న రోజునా బతికే ఉంది. అతను దుప్పటి చింపుకున్న రోజునా బతికే ఉంది. అయిదు నెలల దూడ కడుపులో ఉందని తెలిసీ ఆవును గొడ్డని రాసింది. ఇక్కడికి వస్తే పేగులమ్మ సంచి దాస్తుందని, మాంసం డాక్టరు చూస్తాడని, తప్పు కాయితం రాసిందెవరని అడుగుతాడని ఆశ పెట్టుకుంది. తన చేతిలో ఉన్న ఒక్క దారి అదే అయ్యుంటుంది. ఆ కాయితం గుమాస్తా జేబులోకి పోయింది.

బయట జీపు ఆగింది. గుమాస్తా ఫోన్ చేసింది ఇంటికి కాదు, పోలీసు స్టేషనుకి.

ఇన్‌స్పెక్టరూ నేనూ ఒకే బ్యాచ్. నేను తొమ్మిదేళ్ళకి ఉద్యోగం వదిలేశాను, అతను వదల్లేదు. డ్రైవరు చేత అవుననిపించింది అతనే.

"ఇప్పుడు ఆవుల్ని కూడా విచారిస్తున్నావా?" అన్నాడు లోపలికి వస్తూ.

"నువ్వు చెయ్యలేదు కదా, అందుకని."

"వాడి అక్క ఎంత ఏడ్చినా, చచ్చినవాడు చెప్పిన మాట మారదు. ఆవిడని ఇలా ఆశపెట్టి తిప్పడం పాపం."

"ఆ కాయితం చదువు."

చదివాడు. అట్ట నకలు పక్కన పెట్టి చూడమన్నాను. చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అతను మాట్లాడిన గొంతు మామూలుగానే ఉంది, కానీ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రాతలు కలుస్తుంటాయి."

"మొదటి రాత ఆమెదేనని చెప్పింది నీ నిపుణుడే. దాని మీదే కదా డ్రైవర్ని పట్టుకున్నావు. ఇప్పుడు ఇది ఆమెది కాదంటే అదీ కాదనాలి. అది ఆమెదంటే ఇదీ ఆమెదే. ఏదంటావు?"

"ఫారంలో ఎవడో మందబుద్ధి గుమాస్తా పాత కాయితం చూసి దించుంటాడు. ముద్ర కోసం వేసే వేషాలు నీకు తెలీవా?"

"ఎవరు రాశారో ఫారంలో పోయి చూద్దాం. చెప్పకుండా పోదాం."

"చెప్పకుండా ఎందుకు? ఇక్కడే తేల్చేస్తాను." అతని ఫోన్ అప్పటికే చేతిలో ఉంది.

"వద్దు," అన్నాను. "ఆ ఫోన్ చెయ్యకు. చేతులెత్తి దణ్ణం పెడతాను, చెయ్యకు."

తొమ్మిదేళ్ళలో నేను ఎవరినీ అలా అడగలేదు. అది అతనికీ తెలుసు. కానీ అతను నన్ను చూడ్డంలేదు. ఆ ఫైలులో ఏ తప్పూ లేదని ఆ క్షణాన ఎవరో ఒకరు అతనికి చెప్పాలి. అంత అవసరంలో ఉన్నాడు. నొక్కేశాడు. నాకు వినబడాలని స్పీకరు పెట్టాడు. పదీ ఇరవై.

"చెప్పండి సార్," అన్నాడు మేనేజరు.

"మీ నలభై ఒకటో నంబరు ఆవు కడుపులో దూడ ఉందయ్యా. గొడ్డని రాసిందెవరు?"

అటువైపు మాట లేదు. మాట లేని ఆ సందులో ఒక ఆవు మూలుగు వినబడింది, ముక్కుతున్న మూలుగు. దాని మీదుగా ఒక ఆడగొంతు, అలిసిపోయి, నిదానంగా. "ఇప్పుడే లాగొద్దు. నొప్పి రానీ. వచ్చినప్పుడు చెప్తాను."

"ఎవరు చూశారు సార్?" అన్నాడు మేనేజరు.

"నేనే ఇక్కడ…" ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు.

"కనుక్కుని చెప్తాను సార్." ఫోన్ పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టరు ఫోన్‌ని జేబులో పెట్టబోయాడు. రెండుసార్లు జేబు తప్పాడు.

"పాలు పితికే ఆడమనిషి అయ్యుంటుంది," అన్నాడు.

"పద," అన్నాను.

కబేళా నుంచి ఫారానికి డెబ్భై నిమిషాలు. అతను జీపు డ్రైవర్ని దింపేసి తనే నడిపాడు. ఫారానికి దగ్గరలో ఉన్న స్టేషనుకి వైర్లెస్‌లో చెప్పాడు. అక్కడ ఇద్దరు కానిస్టేబుళ్ళూ ఒక మోటారుసైకిలూ ఉన్నాయట. వెంటనే పొమ్మన్నాడు.

సగం దారి దాటాం.

"చంపెయ్యకుండా ఇన్నాళ్ళు ఎందుకుంచుకున్నారు?" అన్నాడు చివరికి.

"ఆ మందలో ఆవులు ఏడో నెలలో ఈసుకుపోతున్నాయి. మాయమయ్యే వారం ముందు ఆమె వాటి రక్తం తీసి పరీక్షకి పంపిందని ఆమె కాంపౌండరు చెప్పాడు. ఒక మంద నుంచి ఇంకో మందకి అంటుకునే జబ్బు, మనుషులకీ వస్తుంది. పైకి రాస్తే మంద మొత్తాన్ని చంపి పూడ్చాలి. రాయకుండా ఉంటే మెల్లిగా అమ్మేసుకోవచ్చు."

"అయితే?"

"అమ్మేదాకా వాటిని ఈనించాలి. అలాంటి మందలో ప్రతి ఈతా కష్టమే. బయటి డాక్టరొస్తే చూస్తాడు, చూస్తే చెప్తాడు. బయటికి పోలేని డాక్టరు ఎవరికి చెప్తుంది?"

అతను మలుపు దగ్గర కూడా వేగం తగ్గించలేదు. కొంతసేపటికి, నేను అడక్కుండానే అన్నాడు. "నేను వాణ్ణి కొట్టలేదు. నాలుగు రోజులు పడుకోనివ్వలేదు. అంతే."



ఫారం గేటు చేరేసరికి పదకొండూ ఇరవై ఎనిమిది. ఇద్దరు కానిస్టేబుళ్ళు మోటారుసైకిలు స్టాండు వేసి గేటు బయట నిలబడి ఉన్నారు. వాళ్ళొచ్చి ఇరవై నిమిషాలయింది. గేటుకి తాళం ఉందని, మా కోసం ఆగామని చెప్పారు. ఇన్‌స్పెక్టరు వాళ్ళని ఒక్క మాట కూడా అనలేదు. జీపుని వెనక్కి తీసి గేటుని గుద్దించాడు.

కొట్టాలు నాలుగు. మూడు ఖాళీ. గాటి గాటి దగ్గరా అట్టలు వేలాడుతున్నాయి, కింద ఆవులు లేవు. నేల కడిగి ఉంది. లారీల టైర్ల జాడలు ఒకదాని మీద ఒకటి పడి ఎండిపోయి ఉన్నాయి. మంద మొత్తం ఎన్ని ఊళ్ళకి, ఎవరెవరి ఇళ్ళకి పోయిందో ఆ అట్టలు చెప్పవు.

నాలుగో కొట్టంలో ఒకే ఒక ఆవు ఉంది. పక్కకి ఒరిగి పడుకుని, మెడ చాపి దూడని నాకుతోంది. దూడ ఒళ్ళు తడారలేదు. ముందుకాళ్ళ మీద బరువు వేసి లేవబోయి మళ్ళీ కూలబడుతోంది. వాటి పక్కన గడ్డిలో ఒక నడివయసు మనిషి చతికిలబడి ఉన్నాడు. కొట్టం ఊడ్చేవాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

వెనకాల ఒక గది, బయటి వైపు గడియ. తెరిచి ఉంది. లోపల మంచం, మందుల పెట్టె, తీగ మీద ఆరేసిన పొడుగు చేతితొడుగులు. మనిషి లేదు.

"ఎప్పుడు ఈనింది ఇది?" అని అడిగాను ఆ మనిషిని.

"ఇంకా లేవలేదు కదమ్మా. ఇరవై నిమిషాలు, ఎక్కువైతే అరగంట."

"డాక్టరమ్మ ఏది?"

"తీసుకెళ్ళారు."

"ఎప్పుడు? సరిగ్గా చెప్పు."

"దూడ పడగానే. మేనేజరుకి ఫోనొచ్చింది. అప్పటికి ఈ ఆవుకి నొప్పులు పడుతున్నాయి. మేనేజరూ కాపలావాడూ దగ్గరికొచ్చి ఆవిణ్ణి లెమ్మన్నారు. దూడ కాలు ఒకటి లోపల మడతపడింది, ఇప్పుడు వదిలేస్తే రెండూ పోతాయి, ఇది సర్ది తీసేదాకా ఆగమంది." దూడ వైపు చూశాడు. "ఆగారు."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలుంటుంది. గోడకి ఆనుకుని నిలబడ్డారు."

ఫోన్ వెళ్ళింది పదీ ఇరవైకి. ఆ నలభై నిమిషాలూ ఆమె ఇక్కడే ఉంది. మేము దారిలో ఉన్నాం. మోటారుసైకిలు కూడా దారిలోనే ఉంది.

"నువ్వేం చేస్తున్నావురా అప్పుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తాడు పట్టుకున్నాను సార్. ఆవిడ చెప్పినప్పుడల్లా లాగాను."

"ఎటు పోయారు?"

"వెనక గేటు. అక్కణ్ణించి నాకు తెలీదు. ఇదొక్కటే మిగిలింది సార్ మందలో. నెలలు నిండాయని దీన్ని లారీ ఎక్కించలేదు. ఇది ఈనితే పని అయిపోయిందనుకుంటున్నారు పొద్దుట్నుంచీ."

ఇన్‌స్పెక్టరు వెనక గేటు వైపు పరిగెత్తాడు. గేటు అవతల దారి మూడుగా చీలి కొండలోకి పోతుంది. నేను వచ్చేటప్పుడే మ్యాపులో చూశాను. మూడింటి మీదా కంకరే. టైరు జాడ పడదు.

ఆవు పక్కన ఒక బకెట్ నిండా నీళ్ళున్నాయి. దాని అంచు మీద సబ్బు, మడత విప్పని తువ్వాలు. సబ్బు పొడిగా ఉంది. నేను నీళ్ళలో వేలు పెట్టాను. ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.

"ఆవిడ కోసమే పెట్టాను" అన్నాడు ఆ మనిషి. "ఎప్పుడైనా పని కాగానే మోచేతుల పైదాకా రెండుసార్లు కడుక్కునేది. ఇవాళా బకెట్ దగ్గరికి జరిపాను. ముట్టుకోలేదు."

"ఏమైనా అందా?"

అతను కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. తాడు కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి.

"'నాకింక అక్కర్లేదులే, ఆ నీళ్ళతో దూడ మూతి తుడువు' అంది. నేనింకా తుడవలేదమ్మా."